సీల్ మాంసం తినడం తప్పా? ఇనుయిట్ వేట చుట్టూ చిక్కుపడ్డ నాలుగు ప్రశ్నలు

వంటింట్లో ఒక పెద్ద అట్టపెట్టెను విప్పి నేల మీద పరుస్తారు. దాని మీద అప్పుడే తెచ్చిన సీల్. చుట్టూ ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్లూ కింద కూచుంటారు. పెద్దావిడ చేతిలో ‘ఉలు’ ఉంటుంది. అర్ధచంద్రంలా ఒంపు తిరిగిన కత్తి అది, పిడి పైన, పదును కింద. పొట్ట చీరగానే కాలేయం బయటికి తీసి, వెచ్చదనం పోకముందే చిన్న ముక్కలు కోసి, ఒక్కో ముక్కకు పిసరంత కొవ్వు జోడించి పంచుతుంది. ముందు చెయ్యి చాచేది పిల్లలే.

కెనడా ఉత్తరం నుంచీ, గ్రీన్‌లాండ్ నుంచీ ఇలాంటి వీడియోలు మన ఫోన్లకూ వస్తుంటాయి. ‘పాపం, ఆ కళ్లు చూడండి, ఎలా చంపబుద్ధయింది’ అని కొందరు రాస్తారు. ‘వాళ్ల ఆచారం వాళ్లది, అడగడానికి మనమెవరం’ అని ఇంకొందరు. ఇద్దరిదీ నిజాయితీయే. చిక్కల్లా ఇద్దరూ నాలుగు వేర్వేరు ప్రశ్నల్ని ఒక్క మూటగా కట్టేయడంలో ఉంది. జంతువు ఎంత బాధపడుతోంది? ఆ జాతి నిలబడుతుందా, తరిగిపోతుందా? మాంసానికో తోలుకో డబ్బు చేతులు మారితే అది ఇంకా సంప్రదాయ వేటేనా? ఇవన్నీ తేల్చే హక్కు ఎవరిది? ఒకదానికి చెప్పిన జవాబు ఇంకోదానికి అతకదు. గత యాభై ఏళ్లలో ఇనుయిట్లకు జరిగిన నష్టంలో చాలా భాగం ఈ ప్రశ్నల్ని కలిపేయడం వల్ల జరిగిందే.

## ఎవరు, ఎక్కడ, ఏం తింటారు

మన స్కూలు పుస్తకాల్లో ‘ఎస్కిమోలు’ అని చదువుకున్నది వీళ్ల గురించే. కెనడాలో, గ్రీన్‌లాండ్‌లో ఆ మాటను ఇప్పుడు చిన్నచూపుగా భావిస్తారు. ఇనుయిట్ అంటే వాళ్ల భాషలో మనుషులు అని అర్థం, ఒక్కరైతే ఇనుక్. 2021 జనగణనలో కెనడాలో వీళ్లు 70 వేల పైచిలుకు. వాళ్ల ప్రాంతాల్లో అన్నిటికన్నా పెద్దది నునావుట్. 1999 ఏప్రిల్ 1న విడి పాలనా ప్రాంతమైంది. వైశాల్యం సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపిన దానికి ఏడింతలు. అంత నేలలో ఉన్నది 37 వేల మంది, 25 ఊళ్లు. ఊళ్లను కలిపే రోడ్లు లేవు. వేసవిలో మంచు విడిచినప్పుడు ఓడ వస్తుంది. మిగతా ఏడాదంతా విమానమే.

సీల్, కారిబూ అనే దుప్పి, ఆర్కిటిక్ చార్ అనే చేప, వాల్రస్, బెలూగా, నార్వాల్ తిమింగలాలు, బాతులు, గుడ్లు, వేసవిలో నేలబారు పొదలకు కాసే చిన్న పళ్లు. ఇలా వేటాడి, పట్టి, ఏరి తెచ్చుకునే తిండి మొత్తాన్ని అక్కడి ఇంగ్లిష్‌లో ‘కంట్రీ ఫుడ్’ అంటారు. విమానంలో దిగేది ‘స్టోర్ ఫుడ్’. ఈ ఊళ్లు దాదాపు అన్నీ చెట్లు పెరిగే హద్దుకు పైన ఉన్నాయి. జానెడో బారెడో తవ్వితే ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల తగులుతుంది. అక్కడ పొలం అన్న మాటకే తావు లేదు. స్టోరులో పాలు, కూరగాయలు దక్షిణ కెనడా ధర కన్నా చాలా ఎక్కువ పలుకుతాయి. 2011 నుంచి కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ పథకం ఉన్నా, 2017–18 సర్వేలో నునావుట్ ఇళ్లలో 57 శాతం తిండికి కటకటపడుతున్నట్టు తేలింది. కెనడాలో ఏ ఇతర ప్రాంతంలోనూ అంత లేదు. వేట గురించి ఏ వాదన చేసినా ఈ సంఖ్యను పక్కన పెట్టుకునే చెయ్యాలి.

## కూరగాయ లేకుండా సి విటమిన్ ఎక్కడిది

పచ్చి మాంసం తినడం అనాగరికం అనుకునేవాళ్లు ఒక చిన్న లెక్క చూడాలి. ‘మక్తాక్’ అంటే తిమింగలం చర్మం, దాన్ని అంటుకుని ఉన్న కొవ్వు పొర. పచ్చి చర్మం 100 గ్రాముల్లో సుమారు 36 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది. మన నిమ్మరసంలో ఉన్నది కూడా దాదాపు అంతే. చిగుళ్ల నుంచి రక్తం కారి మనిషిని కుంగదీసే స్కర్వీ రాకుండా ఉండటానికి రోజుకు 10 మిల్లీగ్రాములు చాలు. అంటే 30 గ్రాములు, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద ముక్క. అదే ముక్కను గంటసేపు ఉడికిస్తే విటమిన్‌లో చాలా భాగం పోతుంది. పచ్చిగానో, గడ్డకట్టించో తినడం వెనక ఉన్నది తరాల అనుభవం. ఉప్పు మాంసం మీద ఆధారపడ్డ యూరప్ నావికులు అదే మంచులో స్కర్వీతో చచ్చిపోయారు.

కొవ్వు సంగతీ అంతే. కొవ్వు లేని మాంసం మాత్రమే రోజుల తరబడి తింటే శరీరం మాంసకృత్తుల భారం మోయలేక నీరసిస్తుంది. అందుకే మాంసం ముక్కతోపాటు కొవ్వు ముక్క. అలాగని దొరికినదల్లా తినరు. మంచు ఎలుగుబంటి కాలేయంలో ఎ విటమిన్ విషమయ్యేంత ఉంటుంది, దాన్ని కుక్కలకు కూడా అందకుండా పారేస్తారు.

## మంచు కన్నం దగ్గర

రింగ్డ్ సీల్, వాళ్ల భాష ఇనుక్టిటుట్‌లో ‘నట్సిక్’, సుమారు 50 నుంచి 70 కిలోల జంతువు. ముందరి రెక్కల గోళ్లతో గీకుతూ రెండు మీటర్ల మందం మంచులో కూడా ఊపిరి కన్నాన్ని మూసుకుపోకుండా ఉంచుకుంటుంది. ఆ కన్నం పేరు ‘అగ్లు’. ఒక్కో సీల్‌కు ఇలాంటివి చాలా ఉంటాయి. పాత పద్ధతిలో కుక్క వాసన పట్టి కన్నం చూపిస్తుంది. వేటగాడు అడుగుల చప్పుడు కిందికి వినపడకుండా బొచ్చు తోలు ముక్క మీద నిలబడతాడు. కన్నంలో సన్నటి పుల్లో, ఈకో పెడతాడు. అది కదిలితే సీల్ వచ్చినట్టు. హార్పూన్, అంటే తాడు కట్టిన ఈటె, నిట్టనిలువుగా దిగాలి. దాని మొన లోపలికి వెళ్లాక తాడు లాగగానే అడ్డం తిరిగి చర్మం కింద చిక్కుకుంటుంది, ఇక ఊడదు. గంటల తరబడి నిలబడి ఉత్త చేతులతో తిరిగివచ్చే రోజులే ఎక్కువ.

ఇప్పుడు తుపాకీ, స్నోమొబైల్, పడవ వచ్చాయి. వసంతంలో మంచు మీద ఎండ కాగే సీల్ దగ్గరికి తెల్లగుడ్డ తెర అడ్డం పెట్టుకుని పాకుతూ వెళ్లి తలకు గురిపెడతారు. గురి కుదిరితే చావు క్షణంలో వస్తుంది. కుదరకపోతేనే అసలు సమస్య. వేసవిలో ఇది మరీ ఎక్కువ, దానికి కారణం ఉంది. వసంతంలో బొచ్చు రాల్చుకునే రోజుల్లో సీల్ సరిగా తినదు, ఒంట్లో కొవ్వు తగ్గుతుంది. అదే సమయానికి కరిగిన మంచునీరు సముద్రం పైపొరలో ఉప్పును పలచన చేస్తుంది. ఇటు ఒంటికి తేలే గుణం తగ్గి, అటు నీటికి తేల్చే గుణం తగ్గి, తూటా తగిలిన సీల్ మునిగిపోతుంది. చలికాలపు బలిసిన సీల్ తేలుతుంది. ‘దెబ్బ తగిలి దక్కనివి’ అని లెక్కల్లో రాసేది ఇలా మునిగినవాటినే. వాల్రస్‌కు ముందు హార్పూన్ వేసి, తేలే బుడ్డి కట్టి, తర్వాతే కాల్చాలని పెద్దలు పట్టుబట్టేది ఇందుకే. తుపాకీ చేతికొచ్చాక వరస తిరగేసినవాళ్లు ఉన్నారు, దానివల్ల నష్టం జరిగిన మాట నిజం. సంప్రదాయం అన్న మాట అడ్డుపెట్టి దీన్ని దాచలేం.

## చంపడం తప్పా, ఆడుకోవడం తప్పా

జంతుహక్కుల వాదన బలహీనమైనదేమీ కాదు. సీల్‌కు నొప్పి తెలుసు, బతకాలని ఉంటుంది. చంపేది ఇనుయిటా, నార్వే ఓడవాడా అన్నది దానికి పట్టదు. పైగా ఇప్పుడు ప్రతి ఊళ్లో స్టోరు ఉంది కాబట్టి ‘వేరే దారి లేదు’ అనే మాట పూర్తిగా నిలవదు అంటారు. దీనికి వచ్చే జవాబుల్లో ఒకటి లెక్కలది. స్టోరులోని కోడి, పంది కూడా చంపబడ్డవే, అవీ జీవితమంతా బోనులో గడిపి, వేల కిలోమీటర్లు విమానంలో వచ్చినవి. సీల్ మాత్రం చనిపోయే నిమిషం దాకా తన సముద్రంలోనే ఉంది. శాకాహారమే తినాలన్నా అదీ అదే విమానంలో రావాలి, 57 శాతం ఇళ్లు కొనలేని ధరకు.

ఇనుయిట్లు మాత్రం ‘పేదరికం వల్ల చంపుతున్నాం, మన్నించండి’ అనరు. వాళ్ల నీతి వేరే చోట మొదలవుతుంది. జంతువు తనను గౌరవించే వేటగాడికే దొరుకుతుందని పెద్దల నమ్మకం. ఉప్పునీటిలో బతికే సీల్‌కు ఎప్పుడూ దాహమే కాబట్టి, చనిపోయిన సీల్ నోట్లో మంచినీళ్లు పోసే ఆచారం చాలాచోట్ల ఉండేది. జంతువుల గురించి గొప్పలు చెప్పకూడదు, ఎగతాళి చెయ్యకూడదు, మాంసం పారేయకూడదు, పంచకుండా దాచుకోకూడదు. సముద్రపు అడుగున ఉండే తల్లి, కొన్నిచోట్ల సెడ్నా, కొన్నిచోట్ల నులియాజుక్, మనుషుల తప్పులకు కోపగించి జంతువుల్ని తన దగ్గరే ఉంచేసుకుంటుందని కథ.

ఈ నీతిలోంచి చూస్తే, మనం దయ అనుకునే పనులు కొన్ని క్రూరంగా కనపడతాయి. సరదాకు గాలం వేసి చేపను పట్టి, ఫోటో దిగి, మళ్లీ నీళ్లలో వదలడం బయటివాళ్లకు మంచిపని. చాలామంది ఇనుయిట్ పెద్దలకు అది తిండితో ఆటలాడటం. ఎలుగుబంటికి మత్తు సూది వేసి, మెడకు రేడియో పట్టీ తగిలించడాన్నీ అదే కారణంతో వ్యతిరేకిస్తారు. ఒక నీతి ప్రాణం తీయడాన్ని పెద్ద తప్పుగా చూస్తుంది, ఇంకోటి అవసరం లేకుండా జంతువును ఇబ్బంది పెట్టడాన్ని పెద్ద తప్పుగా చూస్తుంది. రెండూ జంతువు పట్ల పట్టింపే. ఈ తేడా అర్థమైతే సగం గొడవ తగ్గుతుంది.

## తెల్లకూన ఫోటో ఏ వేటది

‘సీల్ వేట’ అనగానే ప్రపంచానికి గుర్తొచ్చే బొమ్మ మంచు మీద తెల్లబొచ్చు కూన, పక్కన కర్ర ఎత్తిన మనిషి. అది హార్ప్ సీల్ కూన. పుట్టిన మొదటి రెండు వారాలే ఆ తెలుపు. ఆ వేట కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్, సెయింట్ లారెన్స్ గల్ఫ్ ప్రాంతాల్లో జరిగే వ్యాపార వేట. అక్కడ వేటాడేది ఎక్కువగా ఇనుయిటేతర మత్స్యకారులు. ఇనుయిట్లు ఎక్కువగా వేటాడేది పెద్ద రింగ్డ్ సీల్‌ను. జాతి వేరు, చోటు వేరు, పద్ధతి వేరు. రెండిటి తోలూ చేరేది మాత్రం ఒకే అంతర్జాతీయ సంతకు.

1977లో ఫ్రెంచ్ నటి బ్రిజిత్ బార్దో ఆ మంచు మీదికి వెళ్లి తెల్లకూనల తరఫున ప్రచారం చేసింది. 1983లో యూరప్ ఆర్థిక సమాఖ్య తెల్లకూనల తోలు దిగుమతిని ఆపింది. 1987లో కెనడా వాటి వ్యాపార వేటనే నిషేధించింది. కూనల విషయంలో ఉద్యమం గెలిచింది, అందులో న్యాయం ఉంది. కానీ కొనేవాళ్లు కూన తోలు, పెద్ద సీల్ తోలు అని వేరుచేసి చూడలేదు. ‘సీల్’ అన్న మాటకే మచ్చ పడింది. 1983 ఆదేశంలో ఇనుయిట్ వేటకు మినహాయింపు రాసి ఉన్నా ధర కుప్పకూలింది. కాగితం మీది మినహాయింపు కొనుగోలుదారుణ్ని తేలేకపోయింది.

2009లో యూరోపియన్ యూనియన్ సీల్ వస్తువులన్నిటి అమ్మకాన్నీ నిషేధించింది, ఇనుయిట్లకు మళ్లీ మినహాయింపుతో. ఇనుయిట్ల జాతీయ సంస్థ ఇనుయిట్ తపిరీత్ కనటమి యూరప్ కోర్టుకు వెళ్లి ఓడింది. కెనడా, నార్వే ప్రపంచ వాణిజ్య సంస్థకు ఎక్కాయి. 2014లో అక్కడ వచ్చిన తీర్పు జాగ్రత్తగా చదవాల్సినది. జంతు హింస పట్ల ప్రజల నైతిక అభ్యంతరం నిషేధానికి సరైన కారణమే అంది. అదే తీర్పు, మినహాయింపు రాసిన తీరు ఆచరణలో గ్రీన్‌లాండ్‌కే ఉపయోగపడుతోంది, కెనడా ఇనుయిట్లకు కాదు, కాబట్టి అది వివక్ష అని కూడా అంది. 2015లో యూరప్ నిబంధనను సవరించింది. అమెరికాలోనైతే 1972 సముద్ర క్షీరదాల చట్టం ఇంకా గట్టిది. నునావుట్ రాజధాని ఇకాలూయిట్‌లో కొన్న సీల్ తోలు చేతితొడుగులు పెట్టుకుని అమెరికా వెళ్లే పర్యాటకుడి దగ్గర వాటిని సరిహద్దులోనే తీసేసుకోవచ్చు. టొరంటో నుంచి అటూ ఇటూ తిరిగే మనవాళ్లకు ఇది తెలిసి ఉండటం మంచిది.

2014లో పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ కెనడా శాఖ సీల్ వేట మీద తమ పాత ప్రచారం ఇనుయిట్లకు చేసిన నష్టానికి బహిరంగంగా క్షమాపణ చెప్పింది. తెల్లకూనల మీద తమ అభ్యంతరాన్ని అది వెనక్కి తీసుకోలేదు, తీసుకోనక్కరలేదు కూడా. రెండు వేటల్నీ విడదీసి చూడనందుకు ఆ క్షమాపణ.

## తోలు అమ్ముడుపోకపోతే మాంసం రాదు

ఇక్కడే అసలు ముడి ఉంది. చట్టాలన్నీ ‘తిండి కోసం వేట’ ఒక పక్క, ‘డబ్బు కోసం వేట’ ఇంకో పక్క పెట్టి మధ్యలో గీత గీస్తాయి. ఊళ్లో ఆ గీత కనపడదు.

లెక్క కోసం ఒక వేటగాణ్ని ఊహించుకుందాం. ఒక వారాంతంలో మూడు సీళ్లు తెచ్చాడు. ఒక్కోదానిలో తినే భాగం 20 కిలోలనుకుంటే మొత్తం 60 కిలోలు. మన పల్లెల్లో పండగనాడు మేకను కోసి పోగులేసినట్టే ఇక్కడా వాటాలు పడతాయి. తేడా ఏమిటంటే పోగుకు డబ్బు తీసుకోరు. ముందు ముసలివాళ్లకు, వేటగాడు లేని ఇళ్లకు, చుట్టాలకు. ఆరు ఇళ్లకు తలా 10 కిలోలు వెళ్లాయి. వచ్చిన డబ్బు సున్నా. ఖర్చు మాత్రం ఉంది: పెట్రోలు, తూటాలు, స్నోమొబైల్ బెల్టు, విరిగితే విమానంలో రావాల్సిన విడిభాగం. ఒకప్పుడు ఆ మూడు తోళ్లు అమ్మితే మళ్లీ వారం పెట్రోలు వచ్చేది. తోలు ధర పడిపోయాక బండి కదలదు. యూరప్‌లో ఎవరో కోటు కొనడం మానేస్తే నునావుట్‌లో ఆరు ఇళ్లకు మాంసం ఆగుతుంది. వేట పక్కన జరిగే తోలు వ్యాపారం అనిపించేది నిజానికి మాంసానికి పెట్టుబడి.

‘కుక్కల బండి మీద వెళ్లొచ్చు కదా, పెట్రోలు ఎందుకు’ అనే ప్రశ్న కూడా వస్తుంది. కుక్కల బండ్లు పోవడంలో ఇనుయిట్ల ఇష్టం పాత్ర కొంతే. 1950ల నుంచి ప్రభుత్వం కుటుంబాల్ని స్థిర నివాసాల్లోకి చేర్చింది, ఆ సంవత్సరాల్లో నునావుట్‌లోని బాఫిన్ దీవి ప్రాంతంలో వందల బండి కుక్కల్ని కాల్చి చంపారు. ఇనుయిట్లే ఏర్పరచుకున్న విచారణ సంఘం కికిక్తానీ ట్రూత్ కమిషన్ దీన్నంతా 2010లో నమోదు చేసింది. 2019లో కెనడా ప్రభుత్వం క్షమాపణ చెప్పింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఉద్యోగం ఉన్నవాడి దగ్గర బండికి డబ్బుంటుంది, వేటకు తీరిక ఉండదు. తీరిక ఉన్నవాడి దగ్గర డబ్బుండదు. ఒకే ఇంట్లో భార్య ఆఫీసు జీతంతో భర్త వేట పెట్రోలు కొనడం అందుకే మామూలు. జీతం, వేట అక్కడ ఒకే బండికి రెండు చక్రాలు.

## పంచుకునేదాన్ని అమ్మితే

అలాగని అమ్మకమంతా మంచిదేనా? ఇనుయిట్లలోనే దీని మీద గట్టి భేదాభిప్రాయాలున్నాయి. సౌతాంప్టన్ దీవి ఉదాహరణ చూడండి. అక్కడ కారిబూ ఒకప్పుడు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. 1967లో పక్క దీవి నుంచి 48 కారిబూలను తెచ్చి వదిలితే మంద వేలల్లో పెరిగింది. 2010 తర్వాత బాఫిన్ దీవిలో కారిబూ కరువైంది. సౌతాంప్టన్ వేటగాళ్లు ఫేస్‌బుక్‌లో బేరం కుదుర్చుకుని విమానంలో మాంసం పంపడం మొదలుపెట్టారు. కొన్నవాళ్లకు అది నోటికి దొరికిన సొంత తిండి, అమ్మినవాళ్లకు బండి ఖర్చు. అందరూ ఇనుయిట్లే, అంతా సంప్రదాయ తిండే. అయినా ఒక దీవి మంద మీద మొత్తం బాఫిన్ ఆకలి పడింది. సంఖ్య పడిపోతోందని సర్వేలు చూపించాక వేట మీద పరిమితి పెట్టాల్సి వచ్చింది.

వాటాలు పంచినప్పుడు అవసరం ఊరి హద్దు దగ్గర ఆగుతుంది. సంతకు హద్దు ఉండదు. తోలు అమ్మకానికి, కారిబూ అమ్మకానికి తేడా ఇదే అని నేను అనుకుంటాను. రింగ్డ్ సీళ్లు లక్షల్లో ఉన్నాయి, తోలు ఎలాగూ మాంసంతోపాటు వచ్చేది. కారిబూ విషయంలో అమ్మకం కోసమే అదనంగా చంపాల్సి వచ్చింది.

## ఎన్ని ఉన్నాయో ఎవరు లెక్కపెట్టాలి

అలాస్కా ఉత్తర తీరపు ఇనుపియాట్లు ఇనుయిట్లకు దగ్గరి బంధువులు. 1977లో అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ వాళ్ల బోహెడ్ తిమింగలాల వేటను ఆపేసింది. మిగిలినవి 600 నుంచి 2,000 మధ్యే ఉంటాయని శాస్త్రవేత్తల అంచనా. అంచనా వేసింది మంచు అంచున నిలబడి, తెరిచిన నీటి పాయలో కనపడినవాటిని లెక్కపెట్టి. వేటగాళ్లు ఒప్పుకోలేదు. తిమింగలాలు మంచు కిందనుంచి కూడా వెళతాయి, పలచని మంచును తలతో పగలగొట్టి ఊపిరి తీసుకుంటాయి, తీరానికి దూరంగా కూడా పోతాయి, మీకు కనపడేవి కొన్నే అన్నారు. ఆ ఏడాదే తిమింగల వేటగాళ్ల సంఘం పెట్టుకుని లెక్క మార్చమని పోరాడారు. మరుసటి ఏడాదికి తాత్కాలికంగా 12 పట్టుకోవడానికి, లేదా 18 దెబ్బలకు అనుమతి వచ్చింది. నీళ్లలోకి శబ్దగ్రాహకాలు దించి వింటే మంచు కింద నిజంగానే తిమింగలాలు పోతున్నాయి. 2001 నాటి లెక్కలో 10 వేలు దాటాయి, 2011లో 16 వేల పైన. పెరుగుదలలో కొంత లెక్క సరిదిద్దడం వల్ల, కొంత నిజంగా సంతతి పెరగడం వల్ల.

దీన్ని ‘వేటగాళ్లే ఎప్పుడూ కరెక్ట్’ అనే కథగా చెప్పేవాళ్లున్నారు. అది పూర్తి నిజం కాదు. 1970ల మధ్యలో కొత్త జట్లు పెరిగి, దెబ్బ తగిలి దక్కకుండా పోయిన తిమింగలాలు బాగా ఎక్కువయ్యాయి. కమిషన్ భయానికి ఆధారం ఉంది. దాన్ని తగ్గించడానికి వేటగాళ్ల సంఘమే ఆయుధాలు, శిక్షణ మార్చింది.

బాఫిన్ కారిబూ దీనికి రెండో వైపు. 2014 ఆకాశ సర్వేలో 5 వేల లోపే తేలాయి, అంతకు రెండు దశాబ్దాల ముందు అవి ఎన్నో రెట్లు ఉండేవి. 2015 జనవరిలో వేట పూర్తిగా ఆపారు. ఆ ఆగస్టులో దీవి మొత్తానికి 250 మగవాటికి అనుమతిచ్చారు. కారిబూ తరానికోసారి తగ్గి మళ్లీ పెరుగుతుందని పెద్దలు ముందునుంచీ చెబుతున్నదే. తగ్గిందన్న విషయంలో ఇద్దరికీ గొడవ లేదు, ఎందుకు తగ్గింది, ఎంత ఆపాలి అన్నదాంట్లోనే.

మంచు ఎలుగుబంటి ఇంకా తేలలేదు. పశ్చిమ హడ్సన్ బేలో 2016లో 842 అనీ, 2021లో 618 అనీ లెక్క. ఊళ్లవాళ్లేమో మునుపటి కన్నా ఎక్కువ ఎలుగులు ఇళ్ల దగ్గర తిరుగుతున్నాయంటారు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. సముద్రపు మంచు తొందరగా కరిగితే సీళ్లు అందక ఎలుగులు ఒడ్డుకు చేరతాయి, తక్కువున్నా ఎక్కువ కనపడతాయి. 1973లో అయిదు దేశాలు చేసుకున్న ఒప్పందం స్థానికుల సంప్రదాయ వేటను ఒప్పుకుంది. నునావుట్‌లో ఊరికింత అని కోటా ఉంటుంది, పంపకం ఊరి వేటగాళ్ల సంఘం చేతిలో ఉంటుంది. ఆ కోటాలో కొన్నిటిని బయటి నుంచి వచ్చే సరదా వేటగాళ్లకు డబ్బుకు ఇస్తారు. ఎలాగూ కోటాలోనిదే కాబట్టి అదనంగా చావు లేదు, ఊరికి డబ్బు, మాంసం రెండూ మిగులుతాయని ఒక వాదన. తిండికని తెచ్చుకున్న హక్కును గోడకు తగిలించే తలకాయ కోసం అమ్మడమేమిటని ఇంకో వాదన. ఇందులో నాకు రెండో మాట బరువుగా అనిపిస్తుంది. అయినా తోలు సంత మూసేసిన ప్రపంచం, డబ్బు వచ్చే మిగతా దారుల్ని కూడా తప్పుపట్టే ముందు ఆలోచించాలి.

## నిర్ణయం ఎవరిది

బాఫిన్ తీరంలో క్లైడ్ రివర్ అనే చిన్న ఊరుంది. సముద్రంలో చమురు వెతకడానికి పేలుడు శబ్దాలతో సర్వే చేయబోతే, నార్వాల్‌లు బెదిరి పోతాయని ఆ ఊరు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఊరివాళ్లను సరిగా సంప్రదించలేదని 2017 జులైలో కోర్టు ఆ అనుమతిని కొట్టేసింది. ఆ పోరాటంలో ఊరికి అండగా నిలిచినవాళ్లలో గ్రీన్‌పీస్ కూడా ఉంది. నార్వాల్‌ను వేటాడేవాళ్లు, సీల్ వేటను ఒకప్పుడు తిట్టినవాళ్లు ఒకే వైపు నిలబడ్డారు.

మన దేశ చట్టం ఇంకో దారి తొక్కింది. 2006 అటవీ హక్కుల చట్టం నల్లమల చెంచులకు తేనె, జిగురు లాంటి అటవీ ఫలసాయం మీద హక్కులు ఇస్తుంది, వేటను మాత్రం స్పష్టంగా మినహాయిస్తుంది. 1972 వన్యప్రాణి చట్టంలో వేట హక్కును కాపాడింది నికోబార్ దీవుల ఆదివాసులకే. ఇక్కడి జనసాంద్రత, అడవి మిగిలిన తీరు వేరు కాబట్టి ఏది మేలని పోల్చి చెప్పడం కష్టం. ఒకే ప్రశ్నకు రెండు దేశాలు ఎంత దూరపు జవాబులిచ్చాయో తెలుస్తుంది, అంతవరకే.

## ఆ కాలేయంలో పాదరసం

పచ్చి తిండిలో ప్రమాదాలున్నాయి, వాటిని వాళ్లు ఎవరికన్నా బాగా ఎరుగుదురు. ‘ఇగునాక్’ అంటే పులియబెట్టిన వాల్రస్ మాంసం. దాన్ని తోలులోనే మూటకట్టి, వేసవి చివర గులకరాళ్ల కింద పాతిపెడతారు. చల్లదనం, రాళ్ల సందుల్లోంచి గాలి, రెండూ కావాలి. అదే మాంసాన్ని మూత బిగించిన ప్లాస్టిక్ బకెట్‌లో, వెచ్చని గదిలో ఉంచితే గాలి అందక బొటులిజం విషం పుడుతుంది. పాత పద్ధతిలో పాత్ర ఒక్కటి మారితే చాలు, మనిషి ప్రాణానికే ముప్పు. వాల్రస్‌లో ట్రైకినెల్లా అనే పురుగు ఇంకో భయం. ఆర్కిటిక్ రకానికి గడ్డకట్టించినా చావు లేదు, బాగా ఉడికిస్తేనే చస్తుంది. అందుకే ఉత్తర క్విబెక్‌లోని నునావిక్ అనే ఇనుయిట్ ప్రాంతంలో 1990ల చివరి నుంచి ప్రతి వాల్రస్ నాలుక ముక్కనూ కూజువాక్‌లోని ప్రయోగశాలకు పంపుతున్నారు. ఫలితం వచ్చాకే పచ్చి మాంసం పంచుతారు.

ఈ రెండూ వాళ్ల చేతుల్లో ఉన్న ప్రమాదాలు. మూడోది వాళ్ల చేతుల్లో లేదు. బొగ్గు ఎక్కడిదైనా, గోదావరి లోయదైనా, పోలండ్‌దైనా, మండితే పొగలో కాస్త పాదరసం కలుస్తుంది. అది నెలల తరబడి గాల్లో తిరిగి ధ్రువం దాకా వెళ్లగలదు. నీళ్లలో సూక్ష్మజీవులు దాన్ని ఒంట్లో పేరుకుపోయే రూపంలోకి మారుస్తాయి. చిన్న ప్రాణి నుంచి చేపకు, చేప నుంచి సీల్‌కు పోగవుతుంది. ఒకప్పుడు కరెంటు పరికరాల్లో వాడిన పీసీబీలు, పురుగుమందు డీడీటీ లాంటి రసాయనాలు కొవ్వులో చేరతాయి. 1980ల్లో నునావిక్ తల్లుల పాలను పరీక్షించినప్పుడు, దక్షిణ క్విబెక్ తల్లుల పాలలో కన్నా పీసీబీలు సుమారు అయిదింతలు ఉన్నట్టు బయటపడింది. ఆ ఊళ్లలో ఒక్క పీసీబీ ఫ్యాక్టరీ లేదు.

అయితే సీల్ మానేయాలా? మానేస్తే దాని స్థానంలోకి వచ్చేది స్టోరులోని చిప్సు, కూల్‌డ్రింకు. ఇనుము, ఒమేగా కొవ్వులు, సెలీనియం పోతాయి. ఊరూరా రక్తపరీక్షలు చేశాక 2012లో నునావుట్ ఆరోగ్యశాఖ చెప్పిన మాట అందుకే చాలా చిన్నది, చాలా కచ్చితమైనది. కంట్రీ ఫుడ్ తినండి, మేలే ఎక్కువ. గర్భంతో ఉన్నవాళ్లు, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లు మాత్రం రింగ్డ్ సీల్ కాలేయం వదిలేసి మాంసం తినండి.

పీసీబీలు, డీడీటీల మీద ఒప్పందం కోసం చర్చలు సాగుతున్నప్పుడు ఇనుయిట్ నాయకురాలు షీలా వాట్-క్లూటియర్ ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అధిపతి చేతికి ఒక చిన్న రాతి శిల్పం ఇచ్చింది. బిడ్డను పట్టుకున్న తల్లి బొమ్మ అది. 2001లో స్టాక్‌హోమ్‌లో సంతకాలైన ఒప్పందం పీఠికలో ఆర్కిటిక్ పేరు ప్రత్యేకంగా ఉంది. భారత్ 2006లో దాన్ని ఆమోదించింది, పాదరసం మీది మినమాటా ఒప్పందాన్ని 2018లో. వాడకం తగ్గినకొద్దీ పాత రసాయనాల మోతాదు తల్లుల రక్తంలో తగ్గుతూ వస్తోంది. పాదరసం బెడద మాత్రం ఇంకా తీరలేదు. అందుకే అట్ట చుట్టూ కూచున్నవాళ్లలో ఎవరైనా గర్భంతో ఉంటే, ఆవిడ వంతు కాలేయం పక్కావిడకు వెళుతుంది. ఆవిడకు ఉలు మొనతో కోసి ఇచ్చేది వీపు మాంసం ముక్క.